ఇరువదియారు తుపాకుల లెక్క

ఒకప్పుడు మన దేశమునందు ఇంట రేడియో పెట్టె ఉంచుకొనుటకు లైసెన్సు కావలసియుండెడిది. ఏటేట తపాలా కార్యాలయమునకు పోయి, రుసుము చెల్లించి, చిన్న పుస్తకమున బిళ్ళ అంటించుకొని వచ్చుట పెద్దవారికి జ్ఞాపకముండును. 1980 దశకమున ఆ నియమము తొలగిపోయినది. పెట్టె మిగిలినది, పుస్తకము పోయినది. తుపాకి విషయమున మాత్రము అట్లు జరుగలేదు. రాజులు పోయిరి, దొరలు పోయిరి, రాజ్యాంగము వచ్చినది. తుపాకి లైసెన్సు మాత్రము చెక్కుచెదరక నిలిచియున్నది. ఇది ఏల? ఇది న్యాయమా? ఈ ప్రశ్నను మేము నేడు చరిత్రవైపునుండి పరిశీలింపదలచితిమి.

ఈ విషయమై మనవారు చెప్పుకొను మాటలు అందరును విన్నవే. సాయంకాలము అరుగుమీద నలుగురు చేరినప్పుడు దొంగతనముల ప్రసక్తి వచ్చెనా, ఒకరు "ఇంట తుపాకి ఉన్న దొంగ గడప తొక్కునా?" అందురు. వేరొకరు "ఆ తుపాకి కోసమే దొంగ వచ్చునండీ" అని తల ఊపుదురు. చేను అడవిపందుల పాలైన రైతు "కలెక్టరుగారు నాకొక నాటు తుపాకి ఇప్పించిన చాలును" అనును. పూర్వము సైన్యమున పనిచేసి వచ్చిన పెద్దమనిషి "తుపాకి బొమ్మ కాదు, ముందు పట్టుట నేర్చుకొనుడు" అని మందలించును. తుపాకి యనిన ముచ్చటపడువారు "ఇది పౌరుని హక్కు, అడుగుకొను బిచ్చము కాదు" అని వాదింతురు. ఈ మాటలన్నింటి వెనుక నున్న ప్రశ్న ఒక్కటే: ఆయుధము పౌరుని హక్కా, లేక ప్రభుత్వము పౌరునియందు ఉంచు నమ్మకమునకు గుర్తా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు నర్సీపట్నము కంటె తగిన తావు తెలుగునాట అరుదు. నాటి విశాఖపట్టణము జిల్లాలోని ఈ ఊరు మైదానమునకు, మన్యమునకు నడుమ గుమ్మము వంటిది. రైలు దిగు చోటు 'నర్సీపట్నం రోడ్డు' స్టేషను. ఊరు అక్కడినుండి లోపలికి, కొండలవైపున నున్నది. ఊరు దాటి లంబసింగి మీదుగా పోవు దారి చింతపల్లికి ఎక్కును. మరియొక దారి కృష్ణదేవిపేటవైపు సాగును. మన్యమునకు పోవు తహసీలుదారు, అటవీ ఉద్యోగి, పోలీసు, వర్తకుడు, అందరును ఈ గుమ్మము దాటియే పోవలెను. 1922 మొదలు 1924 వరకు సాగిన అల్లూరి సీతారామరాజుగారి తిరుగుబాటు నాళ్ళలో ప్రభుత్వ బలగములకు ఆధారస్థానమైనదియు ఈ ఊరే. ఆ తిరుగుబాటు తుపాకుల కొరకు పోలీసు స్టేషనులపై జరిగిన దాడులతో మొదలైనది. తుపాకి ఎవరి చేత నుండవలెనను ప్రశ్న అక్కడ గ్రంథములలోని చర్చ కాదు, ప్రాణములతో ముడిపడిన విషయము.

ముందుగా నాటి చట్టమెట్టిదో చూతము. 1857 తిరుగుబాటు ఇంగ్లీషువారిని భయపెట్టినది. ఆ తరువాత పలు ప్రాంతములలో ప్రజల ఆయుధములను లాగుకొనిరి. 1878లో, లార్డు లిట్టన్ వైస్రాయిగా నుండగా, దేశమునకంతకును వర్తించు ఆయుధముల చట్టము వచ్చినది. లైసెన్సు లేనిదే తుపాకి ఉంచుకొనరాదు, ఆయుధము ధరించి తిరుగరాదు అని అది శాసించినది. చిత్రమేమన, ఆ చట్టము చేసిన నిర్వచనమున ఆయుధములనగా తుపాకులు, కత్తులు, బల్లెములు మాత్రమే గాక విల్లంబులు కూడ చేరియుండెను. మన్యపు మనిషికి విల్లు చేతికఱ్ఱ వంటిది. పులికి, పందికి, ఆకలికి అదియే సమాధానము. పట్టణమున వ్రాసిన ఒక వాక్యముతో అతని చేతి వస్తువు చట్టమునకు విచారణీయమైనది.

అయినను ఆ చట్టము నాటి విద్యావంతులకు కష్టము కలిగించినది లైసెన్సు అడిగినందున కాదు, అందరిని అడుగనందున. దానిక్రింద చేసిన నియమములు యూరోపియనులకు, ఆంగ్లో ఇండియనులకు మినహాయింపు నిచ్చినవి. బిరుదులు, పదవులు గల కొందరు భారతీయులకును ఆ మినహాయింపు దక్కినది. నిన్న ఓడ దిగిన దొరబిడ్డ భుజమున తుపాకి వేసికొని వేటకు పోవచ్చును. తరతరములుగా ఆ నేలపై బ్రతికిన రైతు దరఖాస్తు పెట్టుకొని, పోలీసువారి విచారణకు నిలిచి, దయకొరకు వేచియుండవలెను. 1887లో మద్రాసున బద్రుద్దీన్ త్యాబ్జీగారి అధ్యక్షతన జరిగిన కాంగ్రెసు మూడవ మహాసభ ఈ చట్టమును సవరింపవలెనని తీర్మానించినది. ఆ మహాసభలో ప్రసంగించినవారు తిరుగుబాటుదారులు కారు. వకీళ్ళు, పత్రికాధిపతులు, భూస్వాములు. వారిలో తుపాకి పట్టదలచినవారు కొందరే యైయుండవచ్చును. తమను తమ దేశమున నమ్మదగనివారిగా లెక్కించుటయే వారికి కంటకమైనది.

కొండలమీది కథ వేరు. అక్కడ ముఠాదారులనబడు స్థానిక నాయకులు తమ ముఠాలో శాంతిభద్రతలకు పూచీపడి, అవసరమైనపుడు మనుష్యులను కూర్చెడివారు. ఆయుధము పట్టుట అక్కడ నేరము కాదు, బాధ్యత. కాలక్రమమున వారి అధికారములు తరిగినవి, పోలీసు స్టేషనులు వెలసినవి. 1879లో రంప దేశమున పెద్ద పితూరీ లేచి గొలుగొండ కొండలకును ప్రాకినది. కల్లుపై పన్ను, మన్సబుదారుని దౌర్జన్యము, అడవిపై ఆంక్షలు దానికి ముఖ్యకారణములు. ముందటి యేట వచ్చిన ఆయుధముల చట్టమే కారణమని చెప్పరాదు. కాని నాటికే కొండవారు ఒక పాఠము నేర్చిరి. ప్రభుత్వము తుపాకులు దాచుకొను చోటు పోలీసు స్టేషను; తుపాకి కావలసినవాడు పోవలసిన చోటును అదియే.

నలువదేండ్లు గడచినవి. 1882 నాటి మద్రాసు అటవీ చట్టము అడవిని సర్కారు సొత్తుగ చేసినది. పోడు నరుకుకొని చోళ్ళు, సామలు పండించుకొను పద్ధతిపై ఆంక్షలు పడినవి. కట్టెకును, ఆకుకును అటవీ ఉద్యోగి చేతులు తడుపవలసి వచ్చినది. నర్సీపట్నమునుండి లంబసింగివైపు రోడ్డు వేయించు పనిలో గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ కొండవారిచేత చాలీచాలని కూలికి వెట్టి చేయించెను. సీతారామరాజుగారు 1917 నాటికే కృష్ణదేవిపేట ప్రాంతమునకు వచ్చియుండిరి. మైదానపు క్షత్రియ కుటుంబమున పుట్టిన యువకుడు, సన్యాసివలె బ్రతుకుచు, కల్లు మానుడని, ఖద్దరు కట్టుడని, తగవులు పంచాయతీలలో తీర్చుకొనుడని చెప్పెడివాడు. సహాయ నిరాకరణోద్యమపు మాటలే అవి. కాని అహింసచేత మాత్రమే స్వరాజ్యము రాదను నిశ్చయమునకు ఆయన వచ్చెను. బట్టిపనుకులకు చెందిన గాము గంటందొర, మల్లుదొర సోదరులు, తమ కష్టములే తమకు గురువులైనవారు, ఆయనతో చేరిరి.

మనుష్యులు కలరు, విల్లంబులు కలవు, తుపాకులు లేవు. వాటిని కొనుటకు అంగడి లేదు, అడిగిన ఇచ్చు కలెక్టరు లేడు. 1922 ఆగస్టు 22న సుమారు మూడువందల మందితో రాజు చింతపల్లి పోలీసు స్టేషనుపై పడెను. అచట 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయనెట్లు చిక్కినవి. మరునాడు కృష్ణదేవిపేటలో 7 తుపాకులు దొరకినవి. ఆగస్టు 24న రాజవొమ్మంగిలో పోలీసులు ఎదిరించిరి. అయినను 8 తుపాకులు, 825 తూటాలు వశమైనవి. అక్కడ నిర్బంధములో నున్న వీరయ్యదొరను విడిపించిరి. మూడు దినములు, మూడు స్టేషనులు. మొత్తము 26 తుపాకులు, రెండువేల అయిదువందలకు పైబడిన తూటాలు.

ఇచట శ్రోతలు గమనింపవలసిన విషయమొకటి కలదు. చింతపల్లిలో రాజు తాను తీసికొనిపోవు ఆయుధముల వివరము స్టేషను పుస్తకమున వ్రాసి, క్రింద సంతకము చేసెను. దొంగ యెవడును తాను దొంగిలించిన సొత్తునకు రసీదు ఇయ్యడు. ఆ సంతకమునకు అర్థమేమి? "ఈ ఆయుధములు మీవి కావు, ఈ దేశపువి, వీటికి నేడు జవాబుదారుడను నేను" అని చెప్పుటయే దాని భావమని మేము తలచుచున్నాము. తరువాతి దాడులలో మిరపకాయలు కట్టిన బాణముతో ముందుగా కబురు పంపెడివాడనియు, దానిని మన్యమున 'మిరపకాయ టపా' అనిరనియు ప్రతీతి. ప్రభుత్వమునకు ఈ తిరుగుబాటులో మింగుడుపడనిది తుపాకులు పోవుటకంటె, పోయిన తుపాకులకు మరియొకడు లెక్క వ్రాయుటయే కావచ్చును.

ఆ తుపాకులు ఎట్టివి? పోలీసువారి చేతనుండినవి మస్కెట్లు. సైనికుల రైఫిలు గొట్టము లోపల మరచుట్టువంటి గాడులుండును. అవి గుండును బొంగరమువలె త్రిప్పి పంపును గావున అది దూరమునకు సూటిగ పోవును. మస్కెటు గొట్టము లోపల నున్నగానుండును. దగ్గర మాత్రమే గురి నిలుచును. మైదానములో ఇది పెద్ద లోపము. కాని ఇరుకు కనుమలో, చెట్లచాటున, పదిబారల దూరమున నిలిచి కాల్చువానికి లోపము కాదు. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ఇది తేటతెల్లమైనది. రాజును వెదకుచు వచ్చిన దళములో ముందు నడచిన భారతీయ సిపాయిలను పోనిచ్చి, వెనుకనున్న దొరలు స్కాట్ కవర్డ్, హైటర్ అను నిద్దరిని మాత్రమే గురిచూచి కాల్చిరి. చేత తుపాకి గలవాడు ఎవనిని కాల్చవలెనో కంటె ఎవనిని కాల్చరాదో ఎరుగుట ఎక్కువ కష్టము. తనవారిని చంపరాదను కట్టుబాటును ఆ కొండవారు ఆనాడు పాటించిరి.

ఐనను లెక్క మరొకవైపున నడచుచుండెను. రెండువేల అయిదువందల తూటాలను ఇరువదియారు తుపాకులకు పంచినచో ఒక్కొక్కదానికి వందకు లోపుగనే వచ్చును. నాటు తుపాకికైన సురేకారము, గంధకము, బొగ్గు దంచి మందు చేసికొనవచ్చును. అందులో నాలుగింట మూడుపాళ్ళు సురేకారమే. సీసపు గుండ్లు ఇంట పోసికొనవచ్చును. ఇత్తడి తూటా అట్లు కాదు. అది కార్ఖానా వస్తువు. అది వేయు తుపాకి గలవాడు ఎంత స్వతంత్రుడైనను తూటా చేయువానికి లోబడినవాడే. ప్రభుత్వము ఈ సంగతి త్వరలోనే గ్రహించినది. అక్టోబరు 15న రాజు అడ్డతీగల స్టేషనునకు వచ్చునప్పటికి ఆయుధములను అక్కడినుండి తరలించియుండిరి. అక్టోబరు 19న రంపచోడవరమునకు వచ్చినను తుపాకుల బలగము పెరుగలేదు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెము, లింగాపురములకడ జరిగిన పోరాటములలో రాజు దళమునకు గట్టి దెబ్బ తగిలెను. మనుష్యులును పోయిరి, తుపాకులును పోయినవి. మలబారు పోలీసులు, తరువాత అస్సాము రైఫిల్సువారు దిగిరి. ఊళ్ళకు తిండిగింజలు చేరకుండ కట్టడి చేసిరి. 1924 మే 7న మంప వద్ద పట్టుబడిన రాజును కొయ్యూరున గుడాల్ అను సైనికాధికారి, విచారణ లేకయే, కాల్పించెను. మరుమాసమున గంటందొరయు పోరాడి కూలెను.

ఆయుధముల చట్టము ఈ రెండేండ్లలో ఏమి సాధించినదని అడిగినచో ఏమి చెప్పగలము? అది కొండ రైతును నిరాయుధుని చేసినది. కాని తిరుగుబాటును ఆపలేకపోయినది. తుపాకులను ప్రజలనుండి తీసి ఒక్కచోట పోగుచేసినది. తిరుగుబాటుదారు ఆ ఒక్కచోటికే పోయెను. ఇది చట్టమునకు వ్యతిరేకమైన సాక్ష్యము. అదే సమయమున, ఇరువదియారు తుపాకులు స్వరాజ్యము తేలేదు. అవి తెచ్చినది మన్యము కష్టమును దేశమంతకు వినిపించిన చప్పుడు. ఇది తుపాకియే సర్వమనువారికి వ్యతిరేకమైన సాక్ష్యము. చరిత్ర ఈ రెండింటిని మన ముందుంచుచున్నది. ఇష్టమైనదానిని మాత్రమే ఏరుకొనుటకు మనకు వీలులేదు.

లోకములో ఇతరులు ఈ చిక్కును ఎట్లు తీర్చుకొనిరో కొంచెము చూతము. ఇంగ్లండున 1689 నాటి హక్కుల శాసనము ప్రొటెస్టంటు ప్రజలు చట్టమునకు లోబడి ఆత్మరక్షణకై ఆయుధములుంచుకొనవచ్చుననెను. అక్కడను అందరికి కాదు, ఒక మతమువారికే. అమెరికాలో 1791లో చేరిన రెండవ సవరణ ఆయుధధారణను రాజ్యాంగములోని హక్కుగ చేసినది. దాని అర్థమును గూర్చి అక్కడివారు నేటికిని వాదించుకొనుచునేయున్నారు. ఇంగ్లండే, మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత, 1920లో తన సొంత ప్రజలకును తుపాకి లైసెన్సు విధించెను. అదే యేట మన దేశమున అమలులోనికి వచ్చిన కొత్త ఆయుధ నియమములు జాతిభేదమును పైకి తగ్గించినవి. మన దేశములోనే కొడగు సీమవారికి 1861 నుండి ఒక ప్రత్యేక మినహాయింపు కలదు. వారు లైసెన్సు లేకయే తుపాకి ఉంచుకొందురు, ఏటేట పండుగనాడు దానికి పూజ చేయుదురు. 2019లో కేంద్ర ప్రభుత్వము ఆ మినహాయింపును మరి పదేండ్లు పొడిగించెను. తుపాకి యున్నంతమాత్రాన సీమ యుద్ధభూమి కాదని కొడగు చెప్పుచున్నది. అట్టి మన్నన కొడగు కొండకు లభించి గూడెపు కొండకు ఏల లభింపలేదని అడుగుటకు నర్సీపట్నము రైతుకు అధికారము కలదు.

స్వాతంత్ర్యోద్యమ నాయకులు ఈ విషయమును మరువలేదు. 1931లో సర్దారు వల్లభభాయి పటేలుగారి అధ్యక్షతన కరాచీలో జరిగిన కాంగ్రెసు ఆమోదించిన ప్రాథమిక హక్కుల తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధములు ఉంచుకొను హక్కును చేర్చిరి. కాని రాజ్యాంగమును వ్రాయునాటికి దృష్టి మారినది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభయందు హెచ్.వి. కామత్ గారు ఆ హక్కును రాజ్యాంగమున చేర్చవలెనని సవరణ ప్రతిపాదించిరి. డాక్టరు అంబేద్కరు గారు అంగీకరింపలేదు. అందరికి హక్కనినచో నేరమునకు అలవాటుపడినవారును ఆ హక్కునే అడుగుదురుగదా యనియు, స్వతంత్ర దేశమున పౌరునికి ముఖ్యమైనది ఆయుధము ధరించు హక్కు గాక దేశముకొరకు ఆయుధము పట్టవలసిన విధి యనియు వారి వాదసారము. సవరణ వీగిపోయినది. మన రాజ్యాంగము వాక్స్వాతంత్ర్యమును హక్కుగ ఇచ్చినది, నిరాయుధులై సభ చేరుటను హక్కుగ ఇచ్చినది, తుపాకిని ఇయ్యలేదు. అది మరపు కాదు, తెలిసి చేసిన నిర్ణయము.

పరాయి ప్రభుత్వపు చట్టమును తీసివేసి స్వతంత్ర భారతము చేసికొన్న ఆయుధముల చట్టము 1959 నాటిది. 1962 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చినది. దానిని పాత చట్టము ప్రక్కన నుంచి చూచినచో లైసెన్సు మిగిలినది, దొరతనము పోయినది అని చెప్పవచ్చును. తుపాకి కాని ఇతర ఆయుధములకు, ప్రభుత్వము ప్రత్యేకముగ ప్రకటించిన ప్రాంతములందు తప్ప, లైసెన్సు అవసరము లేదు. ఇంటికిని, వ్యవసాయమునకును మాత్రమే పనికివచ్చు పరికరములు, లాఠీ, చేతికఱ్ఱ ఆయుధములే కావు. లైసెన్సు నిరాకరించినచో అధికారి కారణము వ్రాయవలెను. సాధారణముగ దానిని అడిగినవానికి తెలుపవలెను. అతడు పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. దరఖాస్తుదారునకు చాలినంత ఆస్తి లేదను కారణము చేత మాత్రము నిరాకరింపరాదని చట్టము స్పష్టముగ చెప్పుచున్నది. పంట కాపాడుకొనుటకు నిజముగ కావలసియున్నచో, నోటినుండి మందు కూరు నాటు తుపాకికి, అభ్యంతరములేవియు లేని యెడల, అధికారి లైసెన్సు ఇయ్యవలెనని కూడ అందు గలదు. 1878 నాటి చట్టము పేరు, రంగు చూచినది. 1959 నాటి చట్టము కాగితము మీదనైన మనిషి అవసరమును చూచుచున్నది.

కాగితము మీదనైన అని మేము అనుటకు కారణము కలదు. పట్టణమున పెద్దమనిషికి దరఖాస్తు వ్రాసి పెట్టువారుందురు, సిఫారసు చేయువారుందురు. కొండ అంచున చోళ్ళ చేను కాచుకొను రైతుకు కలెక్టరు కచ్చేరియే దూరము. అడవిపందుల మంద ఒక్క రాత్రిలో పైరు దున్నివేయును. దరఖాస్తు ఒక్క రాత్రిలో తేలదు. పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అనుమతి లేనిదే ఆ పందిని చంపరాదు. ప్రేల్చి బెదరించుటవరకే అతనికి మేలు. ఆ చప్పుడు విన్న పోలీసువారికి వేరు అనుమానము కలుగవచ్చును. తరువాతి దశాబ్దములలోను ఈ కొండలు తుపాకి చప్పుడు ఎరుగనివి కావు. అందుచేత నాటు తుపాకి గల గిరిజనుడు ఇటు అడవికి, అటు కచ్చేరికి నడుమ నలిగెను. అతని మొరలో నున్నది తుపాకిపై మోజు కాదు. నన్నును మైదానపు మనిషివలెనే విచారింపుడను కోరిక. 1887లో మద్రాసు సభ అడిగినదియు అదియే కదా!

ఇప్పుడు అరుగుమీది మాటలకు మరలి వత్తము. "ఇంట తుపాకి ఉన్న దొంగ రాడు" అనువారికి చింతపల్లి స్టేషను జవాబు చెప్పుచున్నది. తుపాకులున్నవని తెలియుటచేతనే అక్కడికి మూడువందలమంది వచ్చిరి. తుపాకి ఉన్నచోట దానిని కాచు మనిషియు, తాళమును, మెలకువయు ఉండవలెను. లేనిచో అది పరుని చేతిదగును. "తుపాకి ప్రజలచేత నుండిన ప్రభుత్వము భయపడును" అనువారికి తూటాల లెక్క జవాబు చెప్పుచున్నది. "సామాన్యునికి తుపాకి యేల, అతనిని నమ్మరాదు" అనువారికి దామనపల్లి కనుమ జవాబు చెప్పుచున్నది. చదువు లేదని, నాగరకత లేదని దొరలు తీసిపారవేసిన మనుష్యులు గురిపెట్టిన తుపాకిని ఎవరిపై పేల్చరాదో ఎరిగియుండిరి. గురిచూచు విద్యపై మక్కువ గలవారికి నేడు వేరు మార్గము తెరచియున్నది. హైదరాబాదునకు చెందిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కంచు పతకము గెలిచెను. ఆ చేతికి కావలసినది కోపము కాదు, ఊపిరి నిగ్రహము.

చట్టము కాలముతోపాటు బిగియుచునే యున్నది. 2019 సవరణ ఒకని వద్ద ఉండదగిన తుపాకుల సంఖ్యను మూడింటినుండి రెంటికి తగ్గించి, లైసెన్సు గడువును అయిదేండ్లకు పెంచెను. ఎన్నికలు ప్రకటింపబడగనే లైసెన్సు గల తుపాకులను పోలీసు స్టేషనులలో అప్పగింపించుకొను పద్ధతి నేడు మనకు సుపరిచితము. ఒకనాడు స్టేషను పుస్తకమున రాజు తాను తీసికొన్న తుపాకుల లెక్క వ్రాసెను. నేడు అట్టి పుస్తకముననే పౌరుడు తాను అప్పగించిన తుపాకి లెక్క వ్రాయించుకొనుచున్నాడు. ఓటు వేయు దినములలో తుపాకి మూలనుండుట మేలని మన సమాజము ఒప్పుకొనినది.

ఈ మార్పు ఒక మనిషి జీవితముననే కనబడును. రాజు దళములో తుపాకి పట్టిన మల్లుదొర 1923లో పట్టుబడి శిక్షపడి, ఏండ్లతరబడి చెరయందుండి, బయటికి వచ్చెను. స్వతంత్ర భారతమున 1952లో జరిగిన మొదటి సాధారణ ఎన్నికలలో విశాఖపట్టణము నియోజకవర్గమునుండి ఆయనను ప్రజలు లోక్‌సభకు ఎన్నుకొనిరి. చింతపల్లి స్టేషనులో తుపాకి తీసికొనిన దళమువాడు చట్టములు చేయు సభలో కూర్చుండెను. మన్యమునకు కావలసినది ఇరువదియారు తుపాకులా, ఒక్క ఓటా యని తేల్చుట మావంటివారికి తగదు. 1922లో అతనికి ఓటు లేదు. ఉన్నది అడుగుటకు ఎవరును లేరు. ఓటు వచ్చినపుడు అతడు తుపాకిని మరల వెదకలేదు. ఇంతవరకు మాత్రము చరిత్ర నిశ్చయముగ చెప్పుచున్నది.

నర్సీపట్నమునకు పోయినవారు అక్కడ స్కాట్ కవర్డ్, హైటర్‌ల సమాధులను చూడవచ్చును. కొండదారి పట్టి కృష్ణదేవిపేటకు పోయినవారు సీతారామరాజుగారి సమాధిని దర్శింపవచ్చును. చింతపల్లి, కొయ్యూరు నేడు ఆయన పేరుగల జిల్లాలోనివి. 2022 ఏప్రిలులో ఆ జిల్లా ఏర్పడినది. ఒకచోట విదేశమునుండి వచ్చి ఆజ్ఞ పాలించిన యువకులు, మరియొకచోట ఆ ఆజ్ఞను ధిక్కరించిన యువకుడు. ఉభయుల నడుమను నిలిచినది తుపాకి. ఆ తుపాకి ఎవరిదను ప్రశ్నను కత్తితో తేల్చుకొన్న కాలము పోయినది. ఇప్పుడు దానిని దరఖాస్తుతో, విచారణతో, అప్పీలుతో తేల్చుకొనుచున్నాము. ఆ దరఖాస్తు కొండవానిదైనను, పట్టణవాసిదైనను ఒక్క త్రాసుననే తూగవలెను. అట్లు తూగినన్నాళ్ళు లైసెన్సు ఎవరికిని అవమానము కాదు. తూగనినాడు, ఆ చిన్న కాగితముపై మరల 1878 నాటి నీడ పడును.